అంశమాపనంలో 0.024, మైలుతుత్తంలో 3.6: లెక్క వచ్చినవారికి ప్రయోగం ఎందుకు తప్పుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మొదటి సంవత్సరంలో స్టాయికియోమెట్రీ లెక్కలన్నీ (చర్యలో ఏది ఎంత కావాలో, ఎంత వస్తుందో తేల్చేవి) చేయగలిగిన మీకు, రెండో సంవత్సరం ప్రయోగశాలలో రెండు ఫలితాలు తప్పాయి. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లంతో అంశమాపనం (టైట్రేషన్) చేసి సోడియం హైడ్రాక్సైడ్ మొలారిటీ, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయో, కనుక్కుంటే, 0.1 దరిదాపుల్లో రావలసిన చోట 0.024 వచ్చింది. 2.50 గ్రాముల కాపర్ సల్ఫేట్ (మైలుతుత్తం) స్ఫటికాలను తెల్లబడేదాకా వేడిచేస్తే 1.78 గ్రాములు మిగిలి, స్ఫటికజలం అణువులు ఐదుకు బదులు 3.6 అని తేలాయి. పక్క బల్ల మీది మిత్రులు రీడింగులు సరిదిద్దుకొని రికార్డు పూర్తిచేశారు, మీరు దిద్దలేదు. లెక్క నేర్చుకోవడం, ప్రయోగం నేర్చుకోవడం రెండు వేర్వేరు విద్యలా అన్నది మీ సందేహం.

జూనియర్ కళాశాలలో ఇరవై ఏడేళ్ళు రసాయనశాస్త్రం బోధించిన అనుభవంతో చెబుతున్నాను. మీ మొదటి ప్రయోగం బాగానే జరిగింది, కాగితం మీద లెక్క తప్పింది. రెండోదానిలో ప్రయోగం పూర్తి కాకముందే ఆగింది, కాని మీరు దిద్దకుండా ఉంచిన 1.78 అనే సంఖ్యే అది ఎక్కడ ఆగిందో దాదాపు చెప్పేస్తోంది. పక్క బల్లవారి రికార్డులో ఆ సమాచారం ఇప్పుడు లేదు.

మొదట అంశమాపనం చూద్దాం. మీరు పిపెట్‌తో 10 మి.లీ. ఆమ్లం తీసుకున్నారు, బ్యూరెట్ రీడింగు 10.4 మి.లీ. వచ్చింది. ఒక మోల్ (కణాలను ఎంచే కొలమానం, వివరం కింద చెబుతాను) ఆక్సాలిక్ ఆమ్లానికి రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. 10 మి.లీ. ఆమ్లంలో ఉన్నవి 0.0005 మోల్‌లు, కాబట్టి దాన్ని తటస్థీకరించిన క్షారం 0.001 మోల్. అది 10.4 మి.లీ.లో ఉందంటే మొలారిటీ 0.096. మీకు వచ్చిన 0.024 సరిగ్గా దీనిలో నాలుగో వంతు. చేతి పొరపాటు ఫలితాన్ని ఇంత కచ్చితంగా నాలుగో వంతుకు దించదు. సూత్రంలో ఒకటీ రెండూ తారుమారైతేనే అలా జరుగుతుంది.

ఈ తారుమారు ఎక్కడ పుడుతుందో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ప్రతి ఏడాదీ తరగతిలో కొంతమంది ఇదే చోట జారిపడేవారు. పాఠ్యపుస్తకం పద్ధతిలో మొలారిటీని ఘనపరిమాణంతో గుణించి, సమీకరణంలోని గుణకంతో భాగిస్తాం; ఆ గుణకాన్ని ‘ఎన్’ అని రాస్తాం. ప్రవేశపరీక్షల శిక్షణలో చెప్పే పద్ధతిలో మొలారిటీని, ఘనపరిమాణాన్ని ఎన్-ఫ్యాక్టర్‌తో (ఇక్కడ ఒక అణువు ఇచ్చే హైడ్రోజన్ లేదా హైడ్రాక్సైడ్ అయాన్ల సంఖ్యతో) గుణిస్తాం. దాన్నీ ‘ఎన్’ అనే రాస్తాం. ఆక్సాలిక్ ఆమ్లానికి గుణకం ఒకటి, ఎన్-ఫ్యాక్టర్ రెండు. సోడియం హైడ్రాక్సైడ్‌కు గుణకం రెండు, ఎన్-ఫ్యాక్టర్ ఒకటి. ఏ పద్ధతి పట్టినా జవాబు ఒక్కటే, కాని మొదటి సూత్రంలో రెండో పద్ధతి విలువలు వేస్తే రెండు వైపులా రెట్టింపు తేడా పడి జవాబు నాలుగో వంతుకు దిగిపోతుంది. మీకు జరిగింది అదే అయి ఉండాలి. పరీక్ష హాలులో ఏ సూత్రమైనా వాడుకోండి, అభ్యంతరం లేదు. ప్రయోగశాలలో మాత్రం కనీసం మొదటి ఏడాదైనా సూత్రం లేకుండా, పైన నేను చేసినట్లు మోల్‌లు లెక్కపెట్టుకుంటూ చేయండి. రెండు వాక్యాలు ఎక్కువ రాయవలసి వస్తుంది, అంతే.

ఇక 0.1 కాకుండా 0.096 రావడం తప్పు కాదు. లీటరుకు 4 గ్రాముల చొప్పున బిళ్ళలు తూచి వేశాం కదా అని మీరు అనవచ్చు. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు తూచేలోపే గాలిలోని తేమను పీల్చి జిగటగా మారతాయి, కార్బన్ డయాక్సైడ్‌నూ పట్టుకుంటాయి. కాబట్టి తూచిన 4 గ్రాములలో కొంత నీరు, కొంత కార్బనేట్ ఉంటాయి. అసలు ఈ అంశమాపనం చేయడమే అందుకు. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు తూచిన బరువును నమ్మనిస్తాయి, కనుక అది ప్రాథమిక ప్రమాణ పదార్థం. సోడియం హైడ్రాక్సైడ్ నమ్మనివ్వదు, కనుక దాని గాఢతను ఆక్సాలిక్ ఆమ్లాన్ని అడిగి తెలుసుకుంటాం. నేను డిగ్రీ చదివే రోజుల్లో సీసా మూత తీసి పెట్టి, తరాజు కోసం వరుసలో నిలబడి, తిరిగి వచ్చేసరికి పై వరుస బిళ్ళలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆ రోజు నాకు 0.087 వచ్చింది. ద్రావణం గాఢతను ప్రయోగంతో కనుక్కోవాలన్న సంగతి ఆ మధ్యాహ్నమే నాకు నిజంగా అర్థమైంది.

ఆక్సాలిక్ ఆమ్లం విషయంలోనూ ఒక చిక్కుంది, ఇది మీ రెండో ప్రయోగానికి దారి కూడా. సీసాలో ఉన్నది రెండు స్ఫటికజలం అణువులున్న ఆమ్లం, మోలార్ ద్రవ్యరాశి 126. నీరు లేని ఆమ్లానికి అది 90. 250 మి.లీ. 0.05 మోలార్ ద్రావణానికి సుమారు 1.58 గ్రాములు తూచాలి. 90తో లెక్కవేసినవారు 1.13 గ్రాములు తూచి, 0.036 మోలార్ ద్రావణం చేసుకొని, దానిమీద 0.05 అని చీటీ అతికిస్తారు. ఆ తరువాత ఎంత జాగ్రత్తగా చేసినా ఆ బల్ల మీద ఫలితాలన్నీ ఒకే నిష్పత్తిలో పక్కకు పోతాయి. కాబట్టి తూచే ముందు సీసా మీది చీటీలో మోలార్ ద్రవ్యరాశి ఎంత ఉందో చదవండి.

ఇప్పుడు కాపర్ సల్ఫేట్, మన రైతులు మైలుతుత్తం అనేది. అయిదు స్ఫటికజలం అణువులున్న ఈ పదార్థం మోలార్ ద్రవ్యరాశి 249.7, అందులో 159.6 అనార్ద్ర (నీరు లేని) లవణం, మిగిలినది నీరు. 2.50 గ్రాములు తీసుకుంటే, నీరంతా పోయాక 1.60 గ్రాములు మిగలాలి. మీకు 1.78 మిగిలింది. మీరు మిగిలినదంతా అనార్ద్ర లవణమేనని అనుకొని 1.78ని 159.6తో భాగించారు, పోయిన 0.72 గ్రాములను 18తో భాగించారు, రెండింటి నిష్పత్తి 3.6 వచ్చింది. అంకగణితంలో తప్పు లేదు, ‘మిగిలినదంతా అనార్ద్ర లవణమే’ అన్న ఊహలో ఉంది తప్పు.

మరో వైపు నుంచి రండి. మొదట తీసుకున్న 2.50 గ్రాములంటే 0.0100 మోల్. పోయిన నీరు 0.72 గ్రాములంటే 0.0400 మోల్‌లు. అంటే ఒక్కో మోల్ మైలుతుత్తం నుంచి సరిగ్గా నాలుగు మోల్‌ల నీరు పోయింది, ఒక మోల్ ఇంకా మిగిలింది. ఇందులో వింతేమీ లేదు. ఈ స్ఫటికం నీటిని విడతలవారీగా వదులుతుంది. మొదటి నాలుగు అణువులు నూటపది డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికల్లా పోతాయి, అయిదోది పోవాలంటే వేడి 200 డిగ్రీలు దాటాలి. ఒక అణువు నీరు మిగిలిన లవణం కూడా చూపుకు దాదాపు తెల్లగానే ఉంటుంది, కాబట్టి నీలం పోయింది కదా అని దీపం ఆర్పేస్తే మీకు వచ్చిన ఫలితమే వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. 1.78 అన్న సంఖ్య ఒక అణువు నీరు మిగిలిన లవణానికి సరిపోయిందంటే మూసలో (వేడిచేసే చిన్న పింగాణీ పాత్రలో) ఉన్నదంతా తప్పకుండా అదేనని రుజువైనట్లు కాదు. అంచుల్లో పూర్తిగా ఎండి, మధ్యలో సగం తడిగా ఉన్న మిశ్రమం కూడా యాదృచ్ఛికంగా అదే బరువు చూపవచ్చు. ఏది నిజమో తేల్చే పద్ధతి ఒకటే: స్థిరభారం వచ్చేదాకా వేడిచేయడం. అంటే వేడిచేసి, చల్లార్చి, తూచి, మళ్ళీ అయిదు నిమిషాలు వేడిచేసి, మళ్ళీ చల్లార్చి తూచాలి. వరుసగా రెండు తూకాలు 0.01 గ్రాము లోపల కలిసినప్పుడే ఆపాలి. చల్లార్చేటప్పుడు మూసను డెసికేటర్‌లో (తేమ లేకుండా ఉంచే మూత పాత్రలో) పెట్టకపోతే అనార్ద్ర లవణం గాలిలోని తేమను తిరిగి పీల్చుకొని మళ్ళీ నీలిరంగు తిరుగుతుంది, కోస్తా జిల్లాల వానాకాలంలో అయితే మీ కళ్ళముందే. వేడి మూసను నేరుగా తరాజు మీద పెడితే దాని చుట్టూ లేచే వేడిగాలి వల్ల తూకం నిలవదు, అసలు కంటే తక్కువ చూపుతుంది. అలాగని మంట మరీ పెంచకండి, లవణం విచ్ఛిన్నమై నల్లని కాపర్ ఆక్సైడ్ ఏర్పడుతుంది; అప్పుడు బరువు 1.60కి కూడా దిగువకు పోయి, స్ఫటికజలం అయిదు కంటే ఎక్కువని చూపుతుంది.

మీ అసలు ప్రశ్నకు జవాబు ఈ రెండు ఉదాహరణల్లోనే ఉందని నాకనిపిస్తుంది. మనకు స్టాయికియోమెట్రీ పాఠం మొదటి సంవత్సరంలో ఉండి, ప్రాక్టికల్ పరీక్ష చాలాకాలంగా రెండో సంవత్సరం చివర జరుగుతూ రావడం వల్ల, పిల్లల మనసుల్లో ఆ రెంటికీ మధ్య ఒక గోడ లేచింది. లెక్క ప్రయోగం తరువాత రికార్డులో నింపేదిగా మారిపోయింది. నిజానికి లెక్క ప్రయోగానికి ముందు జరగాలి. బల్ల దగ్గరకు వెళ్ళే ముందే, ఎంత తీసుకుంటే ఎంత రావాలో ఒక కాగితం మీద రాసుకోండి. దాని కింద, ఒక్కో పొరపాటు జరిగితే ఆ సంఖ్య ఎటు జరుగుతుందో కూడా రాసుకోండి. ఉదాహరణకు 2.50 గ్రాముల మైలుతుత్తానికి మీ కాగితం మీద మూడు సంఖ్యలుండాలి: నీరంతా పోతే 1.60, ఒక అణువు మిగిలితే 1.78, పూర్తిగా మాడి ఆక్సైడైతే 0.80. తూకంలో 1.78 కనిపించగానే మీరు దీపం మళ్ళీ వెలిగించేవారు, రికార్డు దాకా వచ్చేవారే కాదు.

మోల్ భావన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు పంపిన రెండో లెక్కలో గ్రాముల నిష్పత్తిని మోల్‌ల నిష్పత్తిగా ఒకచోట వాడబోయి కొట్టివేశారు. సమీకరణంలోని అంకెలు లెక్కపెట్టే అంకెలు, తూచేవి కావు. మోల్ కూడా ఒక లెక్కే. 2019 మే 20 నుంచి దాని నిర్వచనం సూటిగా 6.02214076 × 10²³ కణాలు, అంతకుముందులా 12 గ్రాముల కార్బన్-12తో ముడిపెట్టినది కాదు. కణాలను ఒక్కొక్కటిగా ఎంచలేం కనుక తూచి ఎంచుతాం, ఇనుప సామాను కొట్టులో మేకులను కిలోల్లో ఇచ్చినట్లు. ఒక్కో మేకు బరువు తెలిస్తే కిలోకు ఎన్ని మేకులో తెలుస్తుంది. ఆ ఒక్క మేకు బరువు స్థానంలో మనకున్నది మోలార్ ద్రవ్యరాశి.

పరిమిత కారకం, అంటే ముందుగా అయిపోయి చర్యను ఆపేసే పదార్థం, దగ్గర కూడా ఇదే తికమక. పేరంటానికి తాంబూలాలు సర్దుతున్నారనుకోండి: ఒక్కోదానిలో రెండు తమలపాకులు, ఒక వక్క, రెండు అరటిపళ్ళు. ఇంట్లో 100 ఆకులు, 60 వక్కలు, 80 పళ్ళు ఉన్నాయి. అన్నిటికంటే తక్కువున్నవి వక్కలే అయినా తాంబూలాలను 40 దగ్గర ఆపేసేవి అరటిపళ్ళు. తక్కువగా ఉన్నది ఏది అని కాక, తన గుణకంతో భాగించినప్పుడు తక్కువయ్యేది ఏది అని అడగాలి. మా అమ్మగారు రసాయనశాస్త్రం చదవలేదు గాని ఈ భాగహారంలో ఎన్నడూ పొరపాటు పడలేదు.

దీన్ని ఇంట్లోనే ప్రయోగంగా చేసి చూడవచ్చు. సీసా మీద 4 శాతం అని ఉన్న వెనిగర్ 50 మి.లీ. తీసుకుంటే అందులో 2 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం, అంటే 0.033 మోల్ ఉంటుంది. దానికి సరిపడే వంటసోడా 2.8 గ్రాములు. మూడు సీసాల్లో అంతంతే వెనిగర్ పోసి, మూడు బెలూన్లలో 1.4, 2.8, 5.6 గ్రాముల సోడా వేసి, సీసాల మూతులకు తొడిగి, సోడా లోపలికి జారనివ్వండి. గది ఉష్ణోగ్రత వద్ద లెక్క ప్రకారం మొదటిదానిలో 0.4 లీటరు, రెండో మూడో బెలూన్లలో సమానంగా 0.8 లీటరు వాయువు రావాలి. కొంత నీటిలో కరిగిపోతుంది కనుక కాస్త తక్కువే వస్తుంది. సోడా రెట్టింపు వేసినా మూడో బెలూను రెండోదానికంటే పెరగదు. బెలూన్లు తీసేశాక మూడు సీసాల్లోనూ ఇంకొక చెంచాడు వెనిగర్ పోయండి. నురగ మూడోదానిలోనే లేస్తుంది, మిగిలిపోయినది ఏదో అదే చెబుతుంది. బెలూను కట్టకుండా సీసాకు గట్టిగా మూత మాత్రం బిగించకండి.

రైతుకు కూడా ఈ పరీక్ష తెలుసు. పంట తెగుళ్ళకు చల్లే ఒక శాతం బోర్డో మిశ్రమానికి 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం వాడతారు. కలిపాక ఇనుప కత్తిని ముంచి చూస్తారు, దానిమీద ఎర్రని రాగి పూత పడితే ఇంకొంత సున్నం కలుపుతారు. కిలో మైలుతుత్తం 4 మోల్‌లు; దానికి మోల్‌కు మోల్ చొప్పున పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్) పావు కిలో కంటే తక్కువే సరిపోవాలి. నాలుగు రెట్లు పైగా వేసి కూడా కత్తి ముంచి ఎందుకు చూస్తారంటే, బజారులో దొరికే సున్నం చాలాసార్లు గాలి తగిలి సగం కార్బనేట్‌గా మారినదై ఉంటుంది. మీ సోడియం హైడ్రాక్సైడ్ కథే ఇక్కడా నడుస్తోంది.

అంశమాపనంలో చేతి పద్ధతుల గురించి కూడా అడిగారు. ఏ గాజు సామాను దేనితో కడగాలి అన్నదాన్ని నియమంగా బట్టీపట్టకండి, మోల్‌లు ఎక్కడ నిర్ణయమవుతున్నాయో చూడండి. శాంకవ కుప్పెలోకి వెళ్ళే ఆమ్లం మోల్‌లను పిపెట్ నిర్ణయించేసింది, కాబట్టి కుప్పెలో ముందే నీరున్నా నష్టం లేదు; దాన్ని ఆమ్లంతో కడిగితేనే లెక్కలో లేని ఆమ్లం చేరి రీడింగు పెరుగుతుంది. పిపెట్‌ను నీటితో మాత్రమే కడిగి వదిలితే ఆమ్లం పలుచబడి రీడింగు తగ్గుతుంది, క్షారం మొలారిటీ ఎక్కువగా కనిపిస్తుంది. బ్యూరెట్‌ను అలా వదిలితే క్షారమే పలుచబడి రీడింగు పెరుగుతుంది. బ్యూరెట్ ముక్కులో గాలిబుడగ ఉండి మధ్యలో జారిపోతే, కుప్పెలో పడని ద్రావణం పడినట్లు లెక్కకు వస్తుంది. ఫినాఫ్తలీన్‌ సూచికతో లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే చాలు. ఆ తరువాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల అది వెలిసిపోవడం సహజం, మళ్ళీ చుక్క వేయకండి. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ.; 10 మి.లీ. రీడింగు మీద అది అర శాతం. కాబట్టి 0.0961538 అని క్యాలిక్యులేటర్ చూపినదంతా రాయకుండా 0.096 దగ్గర ఆగండి. పిపెట్‌ను నోటితో పీల్చే అలవాటు మా తరంలో అందరికీ ఉండేది, మీరు రబ్బరు బల్బు అడిగి తీసుకోండి.

పొటాషియం పర్మాంగనేట్‌తో చేసేటప్పుడు పై సూత్రాలే వర్తిస్తాయి, నిష్పత్తి మాత్రం రెండు పర్మాంగనేట్‌కు అయిదు ఆక్సాలిక్ ఆమ్లం. ద్రావణాన్ని 60–70 డిగ్రీలకు వేడిచేయాలి; అయినా మొదటి చుక్కల రంగు నెమ్మదిగా పోతుంది, ఎందుకంటే చర్యను వేగవంతం చేసే మాంగనీస్ అయాన్లు ఆ చర్యలోనే పుట్టాలి. మోర్ లవణానికి (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌కు) వేడి అక్కరలేదు. గోధుమ రంగు మడ్డి కనిపిస్తే సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలలేదన్నమాట. అప్పుడు చర్య వేరే దారి పట్టింది, రెండుకు అయిదు అన్న నిష్పత్తి ఇక పనికిరాదు, ఆ రీడింగును వదిలేయండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడకూడదనేది కూడా లెక్క కారణంతోనే: పర్మాంగనేట్ కొంత క్లోరైడ్ మీద ఖర్చయి రీడింగు పెరుగుతుంది.

రీడింగులు దిద్దడం గురించి ఒక్కమాట. 10.0, 10.0, 10.0 అని మూడు రీడింగులున్న రికార్డును చూసినప్పుడల్లా నాకు అనుమానమే వచ్చేది, 10.4, 10.3, 10.4 అని ఉన్నదాన్ని చూస్తే ఆ పిల్లవాడు బల్ల దగ్గర నిలబడ్డాడని తెలిసేది. పరీక్షకులందరూ ఇలాగే చూస్తారని హామీ ఇవ్వలేను. మీ అధ్యాపకులు తేడా ఎందుకని అడిగితే, బిళ్ళల తేమ గురించి పైన రాసినది మీ మాటల్లో చెప్పండి.

మైలుతుత్తం ప్రయోగం మళ్ళీ చేసే అవకాశం ఇమ్మని అడగండి. ఖాళీ మూసను ముందు ఎర్రగా కాల్చి, చల్లార్చి తూచుకోండి. స్ఫటికాలను నూరి పలుచగా పరచండి, ముక్కలుగా ఉంటే వేడికి చిటపటలాడి బయటికి ఎగురుతాయి. మొదటి తూకం 1.78 దగ్గర ఉంటే కంగారు పడకుండా మంటను కొద్దిగా పెంచి మరో అయిదు నిమిషాలు ఉంచండి. రెండో తూకం 1.60 వైపు దిగుతుంటే దారి సరైనదే, మూడోదీ చేయండి. అంచు నల్లబడటం కనిపించిన క్షణంలో పట్టకారుతో మూసను మంట మీదనుంచి తీసేయండి.